మనోరమ తల్లి

పండిత రమాబాయి పేరు వినగానే కేడ్గాములోని ముక్తి మిషనును, ఆమె చేసిన మరాఠీ బైబిలు అనువాదమును మనము జ్ఞాపకము చేసికొందుము. అయితే ఆమె ఒక బిడ్డకు తల్లి. పరదేశములో ఆ తల్లి ఎదుర్కొనిన పరీక్షను ఎరిగినవారు తక్కువ.

1858లో జన్మించిన రమాబాయి, మద్రాసు రాజధానిలో కలిగిన కరవు దినములలో, 1874లో, తల్లిదండ్రులను పోగొట్టుకొనెను. 1880లో అన్న కూడ గతించెను. ఆ యేటనే ఆమె బిపిన్ బిహారీ మేధావిని వివాహమాడెను. 1881 ఏప్రిల్‌లో వారికి ఆడబిడ్డ పుట్టగా మనోరమ అని పేరు పెట్టిరి. బిడ్డకు ఏడాది నిండకమునుపే భర్త కలరా వ్యాధితో మరణించెను.

1883లో రమాబాయి పసిబిడ్డతో ఇంగ్లండు చేరెను. వాంటేజి పట్టణములోని ఆంగ్లికన్ సహోదరీలు వారిని ఆదరించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 29న తల్లియు బిడ్డయు బాప్తిస్మము పొందిరి. తరువాత రమాబాయి చెల్టెన్‌హామ్ స్త్రీల కళాశాలలో సంస్కృతము నేర్పుచు తానును చదువుకొనుచుండగా, మనోరమ వాంటేజిలో పెరుగుచుండెను.

అప్పుడొక చిక్కు కలిగెను. రమాబాయికి ఆత్మీయ తల్లివంటి సహోదరి జెరాల్డీన్, సంఘ బోధ విషయములో రమాబాయి తమకు లోబడవలెనని కోరెను. రమాబాయి మాంసాహారము ముట్టకుండుటయు కొందరికి కులాభిమానముగా తోచెను. కాని ఆ తల్లి తన మనస్సాక్షిని ఒరులకు అప్పగింపలేదు. తన బిడ్డ క్రీస్తును ఎరుగవలెను. అయితే స్వజనులను చూచి సిగ్గుపడరాదు, వారికంటె తాను గొప్పదాననని తలంపరాదు. ఇదియే ఆమె పట్టుదల. అయినను తనకు మేలు చేసినవారియెడల కృతజ్ఞత విడువలేదు. 1886లో అమెరికాకు వెళ్లిన పిమ్మట, బిడ్డను మరల ఆ సహోదరీల యొద్దకే పంపెను. విధవల కొరకు గృహము స్థాపింపవలెనని ఆమె అమెరికాలో ఊరూర ప్రసంగించుచుండగా, కన్నబిడ్డ సముద్రమునకు ఆవల నుండెను.

1889లో రమాబాయి బొంబాయిలో శారదా సదనమును ప్రారంభించెను. తల్లి విత్తినది వ్యర్థము కాలేదు. పెరిగి పెద్దదైన మనోరమ విదేశీ విద్యను స్వజనుల సేవకే వినియోగించెను. తల్లికి కుడిభుజమై బాలికలకు విద్య నేర్పెను. నిజాము రాజ్యములోని గుల్బర్గాలో 1912లో పాఠశాల స్థాపించుటకు తల్లికి తోడ్పడెను. 1921 జూలైలో ఆ కుమార్తె తల్లికంటె ముందుగా ప్రభువునందు నిద్రించెను. దుఃఖములోను రమాబాయి బైబిలు అనువాదమును విడువక ముగించి, 1922 ఏప్రిల్ 5న విశ్రాంతిలో ప్రవేశించెను.

ఫరో గృహములో పెరిగినను మోషే తన సహోదరులను మరువలేదు; పాలిచ్చి పెంచిన యోకెబెదు చేతిపని అందులో కలదు. నేడు ఉద్యోగముల నిమిత్తము దూరదేశములలో బిడ్డలను పెంచుచున్న తల్లులారా, విశ్వాసమును నేర్పుడి, స్వజనులపై ప్రేమనుకూడ నేర్పుడి. మీ చేయి అందని చోట బిడ్డను కాపాడు ప్రభువు కలడు.