సలీం అలీ
సలీం అలీ (నవంబరు 12, 1896 - జూన్ 20, 1987) బొంబాయిలో జన్మించిన ప్రముఖ భారతీయ పక్షి శాస్త్రవేత్త. 1931లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే ప్రారంభించాడు.

1957లో, నేటి కర్ణాటకలోని షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కొండముచ్చులు, కోతులు మరణించాయి. సమీప గ్రామస్తులకు ప్రాణాంతకమైన జ్వరం సోకింది. పూణేలోని వైరస్ పరిశోధన కేంద్రం ఇందుకు కారణమైన వైరస్‌ను, దానిని వ్యాపింపజేసే పిడుదులను గుర్తించింది. రష్యాలోని ఒక మెదడువాపు వైరస్‌తో దీనికి దగ్గరి పోలిక ఉండడంతో, వలస పక్షులే దీనిని తెచ్చి ఉంటాయన్న అనుమానం కలిగింది.

దీనిని తేల్చడానికి 1960వ దశకంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో, అలీ నాయకత్వాన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పక్షులను వలలతో పట్టి, వాటిపైని పిడుదులను సేకరించి, కాళ్ళకు సంఖ్యలున్న రింగులు తొడిగి విడిచిపెట్టింది. అనుమానం రుజువు కాలేదు గానీ, పక్షుల వలస మార్గాల గురించి విలువైన సమాచారం లభించింది. అడవిలో మేసే పశువుల వల్ల పిడుదులు పెరుగుతాయి. కోతుల మరణాలు, పిడుదుల పరీక్షలే నేటికీ ఈ వ్యాధికి ముందస్తు హెచ్చరికలు.