అంధ విద్వాంసుడు డాక్టర్ తాహా హుసేన్

అరబ్బీ, ఉర్దూ చదువుకున్న మన పెద్దలకు డాక్టర్ తాహా హుసేన్ గారి పేరు కొత్తది కాదు. తెలుగు మాత్రమే చదివే మన పిల్లలకు ఆయన సంగతి అంతగా తెలియదు. ఆయన గ్రంథాలను గురించి రాయగల పండితులు చాలామంది ఉన్నారు. మేము ఈ సావనీరులో చెప్పదలచినది వేరు. రెండు కండ్లూ పోయిన ఒక పల్లెటూరి పిల్లవాడు ఇంటి ముందరి కంచె దాటి ఎట్లా బయటపడినాడు, ఎవరెవరి చేయి పట్టుకుని ఎంత దూరం పోయినాడు అన్నదే మా విషయం.

ఈజిప్టు దేశంలో మఘాఘా అనే ఊరికి దగ్గరలో ఒక చిన్న పల్లెలో 1889లో ఆయన జన్మించినారు. తండ్రి చక్కెర కంపెనీలో చిన్న ఉద్యోగి. ఆయనకు పదముగ్గురు సంతానం, అందులో తాహా ఏడవవాడు. పసితనంలో కండ్ల కలక వచ్చింది. కొన్ని దినాలు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మంగలిని పిలిపించి వైద్యం చేయించినారు. ఆ వైద్యంతో చూపు పోయింది. అదంతా కిస్మత్ అని ఊరుకునేవారు ఉంటారు, మేము మాత్రం ఒప్పుకోము. అదే ఇంట్లో నాలుగేండ్ల చెల్లెలు జ్వరపడి, డాక్టరు ముఖమే చూడకుండా చనిపోయింది. పెద్దయిన తర్వాత ఆయన తన జీవితకథ రాసినప్పుడు ఈ రెండు సంగతులూ ఒకే చోట చెప్పి నిర్లక్ష్యాన్నే తప్పుపట్టినారు.

ఆ జీవితకథ పేరు అల్ అయ్యామ్, అంటే దినములు. అందులో మొట్టమొదట వచ్చేది ఒక కంచె. మొక్కజొన్న దంట్లతో కట్టిన కంచె, ఇంటికి కొన్ని అడుగుల దూరం. కుందేళ్ళు దాన్ని దూకి, సందుల్లోంచి దూరి అవతలికి పోతుండేవి. ఈ పిల్లవాడికి మాత్రం అదే లోకానికి చివర. సాయంత్రం ఆ కంచెకు ఆనుకుని నిలబడి, అవతల కథలు పాడేవాని గొంతు వింటుండేవాడు. కథ మంచి పట్టులో ఉండగా అక్క వచ్చి ఎత్తుకుని ఇంట్లోకి తీసుకుపోయేది, కండ్లలో మందు వేయడానికి.

ఇంకొక సంగతి. ఒకనాడు అందరితో కూర్చుని భోజనం చేస్తూ, ముద్దను ఒక చేత్తో కాక రెండు చేతులతో తీసుకుంటే ఎట్లుంటుందో అని ఆ పిల్లవాడు తీసుకున్నాడు. అన్నదమ్ములు పకపక నవ్వినారు. తల్లి ఏడ్చింది. తండ్రి మెల్లగా, దుఃఖంతో ఇట్లా కాదు బిడ్డా అని చెప్పినాడు. అంతే. ఆ దినం నుండి చెంచాతో తినే షోర్వా, అన్నం వంటివి అతడు మానుకున్నాడు. ఇరవై ఐదేండ్లు వచ్చేదాకా వాటి జోలికి పోలేదు. నవ్వినవారు మరునాడే మరిచిపోయి ఉంటారు. మన ఇండ్లలో, మన బళ్ళలో ఇటువంటి నవ్వులు తక్కువేమీ కాదు కాబట్టి ఈ మాట ఇంత విప్పి రాస్తున్నాము.

తొమ్మిదేండ్లు నిండకముందే ఖురాన్ షరీఫ్ కంఠస్థం చేసినాడు. ఇంట్లో అందరూ షేక్ అని పిలవసాగినారు. తర్వాత ఉస్తాదు అశ్రద్ధ, పిల్లవాని ఆట కలిసి నేర్చినది కాస్తా మరపున పడింది. తండ్రి ఒకరోజు సూరా అష్షుఅరా చదవమంటే మొదటి అక్షరాలు దాటి ముందుకు పోలేకపోయినాడు. హిఫ్జ్ చేయించే ఉస్తాదులకు ఇది బాగా తెలిసిన సంగతే. మళ్ళీ మొదటినుండి చేయించినారు.

1902లో అన్నతో కలిసి కైరోకు, జామె అజ్‌హర్‌కు చేరినాడు. అక్కడి నుండే అసలు కష్టం. బస నుండి అజ్‌హర్‌కు పోయే దారిని ఆయన కండ్లతో కాక మిగిలిన అంగాలతో నేర్చుకున్నారు. కుడి చెంపకు వెచ్చటి ఆవిరి తగిలి, ముక్కుకు పొగ సోకి, హుక్కా గుడగుడ వినిపిస్తే ఖహ్వా అంగడి వచ్చినట్లు. ఆ తర్వాత దుర్వాసన కొట్టే సందు. తర్వాత మెట్లు, ఎన్ని ఎక్కితే ఎక్కడ తిరగాలో అలవాటైపోయింది. పైన ఒక ఇరానీ పొరుగువాని చిలుక అరుస్తుంటే తమ అంతస్తు దగ్గరకు వచ్చినట్లే. చూపు ఉన్న మనము ప్రతి దినం పోయే బజారులో ఇవన్నీ ఉన్నాయి, ఎన్నడన్నా గమనించినామా?

దారి తెలిసినా ఒంటరిగా పోనిచ్చేవారు లేరు. అన్న తీసుకుపోయి పాఠం దగ్గర కూర్చోబెట్టేవాడు, మళ్ళీ తెచ్చి గదిలో ఒక మూల వదిలిపెట్టేవాడు. తాను స్నేహితుల గదికి పోయి టీ తాగుతూ కబుర్లు చెప్పుకునేవాడు. వారి మాటలు ఇవతలికి వినిపించేవి. ఆ పిల్లవాడికి పోవాలని ఉన్నా అడగడానికి అభిమానం అడ్డు వచ్చేది. చీకటి పడితే దీపం పెట్టేవారు కూడా లేరు, గుడ్డివానికి దీపం దేనికని. అన్న చెడ్డవాడు కాదు, అతనికీ చదువు ఉంది. కాని చేయి పట్టి నడిపించడం వేరు, తోడుగా ఉండడం వేరు. కొన్నాళ్ళకు పినతల్లి కొడుకు ఊరి నుండి చదువుకు వచ్చినాడు. ఈడు జోడు వాడు. ఇద్దరూ కలిసి పాఠాలకు పోవడం, తినుబండారాలు కొనడం, వీధులు తిరగడం మొదలైంది. జీవితమే మారిపోయింది.

అజ్‌హర్ పట్టా ఆయనకు దక్కలేదు. 1908లో కైరోలో కొత్త యూనివర్సిటీ తెరిచినప్పుడు అందులో చేరి, 1914లో అక్కడి మొట్టమొదటి డాక్టరేటు సంపాదించినారు. విషయం అబుల్ అలా మఅర్రీ, నాలుగేండ్ల వయసులో మశూచితో చూపు పోయిన సిరియా కవి. ఆ కవి కూడా ఎవరూ చూడకుండా ఒక్కడే కూర్చుని భోంచేసేవాడట. ఎందుకో తాహా హుసేన్ గారికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

అదే సంవత్సరం ఓడెక్కి ఫ్రాన్సు పోయినారు, మొదట మాంట్‌పెల్యే, ఆ తర్వాత పారిస్. అక్కడ సుజాన్ అనే ఫ్రెంచి యువతి ఆయనకు పుస్తకాలు చదివి వినిపించేది. 1917లో వారికి వివాహమైంది. మతాలు వేరు, దేశాలు వేరు. ఇబ్న్ ఖల్దూన్ మీద రెండవ డాక్టరేటు పొంది 1919లో స్వదేశం చేరినారు.

ఈనాడు చూపు లేనివారు వాడే పొడుగు కర్ర పద్ధతి 1940 తర్వాత, యుద్ధంలో కండ్లు పోయిన సిపాయిలకోసం అమెరికా సైనిక ఆస్పత్రిలో హూవర్ అనే ఆయన ఏర్పరచినది. తాహా హుసేన్ గారి యవ్వనంలో అది లేదు. జీవితమంతా ఇంకొకరి చేయి పట్టుకునే నడిచినారు, ఇంకొకరి గొంతుతోనే చదివినారు. అయితే ఎక్కడికి పోవాలి, ఏమి చదవాలి అన్నది మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు.

దీనివల్ల చిక్కులు కూడా వచ్చినాయి. 1926లో ఇస్లాంకు ముందరి కవిత్వం మీద రాసిన పుస్తకం పెద్ద దుమారం లేపింది. కేసు నడిచింది, 1927లో కొట్టివేసినారు. ఆ పుస్తకంలోని కొన్ని మాటలతో మాకూ ఏకీభావం లేదు. అందుకని ఆయన చేసిన మేలు మరవడం న్యాయం కాదు. 1932లో రాజకీయ నాయకులకు గౌరవ డాక్టరేట్లు ఇవ్వమన్నప్పుడు ఒప్పుకోక డీను పదవి పోగొట్టుకున్నారు. 1942లో అలెగ్జాండ్రియా యూనివర్సిటీకి మొదటి అధిపతి అయినారు.

1950లో విద్యామంత్రి అయిన తర్వాత సెకండరీ చదువుకు ఫీజు తీసివేసినారు. తాగే నీరు, పీల్చే గాలి ఎట్లా అందరివో చదువూ అట్లే అందరిది అన్నది ఆయన పట్టు. ఫీజు కట్టలేక బడి మానే పిల్లలను మేము ప్రతి ఏడూ చూస్తున్నాము కాబట్టి, ఆయన పుస్తకాలన్నిటికన్నా ఈ ఒక్క ఉత్తరువే మాకు పెద్దగా తోస్తుంది.

1973 అక్టోబరు 28న కైరోలో మరణించినారు. ఆ సంవత్సరమే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల బహుమతి ఆయన పేరిట ప్రకటించింది. వారు నివసించిన రామతాన్ అనే ఇంటిని తర్వాత మ్యూజియం చేసినారు.