బడి ముఖం చూడని అచ్చమాంబ.. ఇంట్లోనే నేర్చిన ఐదు భాషలు

ఈ మధ్య పద్మారావునగర్‌లో ఉండే మా అక్క ఫోన్ చేసింది. రెండో తరగతి చదివే కొడుకుని బడి మాన్పించి ఇంటి దగ్గరే చదివిద్దామనుకుంటోందట. టెక్నాలజీ మీద బ్లాగ్ రాస్తావు కదరా, మంచి యాప్‌లు, వీడియోలు ఉంటే పంపు అంది. అరగంటలో నలభై లింకులు పంపేశాను. సాయంత్రానికి మళ్లీ ఫోన్. ఇవన్నీ చూడాలంటే నాకే ఏడాది పడుతుంది, అసలు వాడికి చదవాలనిపించాలంటే ఏం చేయాలో చెప్పు అంది. నా దగ్గర జవాబు లేదు.

నిజానికి ఆ ప్రశ్న మనది కూడా. బీటెక్ అయ్యాక ఉద్యోగం రాక ఇంట్లో ఉన్న ఎనిమిది నెలలూ నేను చేసింది అదే. కోర్సులు డౌన్‌లోడ్ చేయడం, పీడీఎఫ్‌లు పోగేయడం, ఒక్కటీ పూర్తి చేయకపోవడం. రిసోర్సులు లేక కాదు, ఎక్కువై ఆగిపోయాను. అలాంటిది ఏ రిసోర్సూ లేని రోజుల్లో, గడప దాటి బడికి వెళ్లే వీలే లేని ఒక అమ్మాయి ఎలా చదువుకుంది? ఆమే భండారు అచ్చమాంబ. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఈ పేరు తొలి తెలుగు కథా రచయిత్రిగా, ఒక్క మార్కు ప్రశ్నగా తెలిసే ఉంటుంది. ఆ ఒక్క మార్కు వెనక ఉన్న జీవితం మాత్రం చాలామందికి తెలియదు.

తమ్ముడి పక్కన కూర్చుని..

అచ్చమాంబ 1874లో పుట్టారు. ఊరు అప్పటి కృష్ణా జిల్లా నందిగామ దగ్గర పెనుగంచిప్రోలు. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య, తల్లి గంగమాంబ. తండ్రి ఆమె చిన్నప్పుడే పోయారు. ఆరేళ్లకే మేనమామ భండారు మాధవరావుతో పెళ్లి చేసేశారు. అప్పటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆడపిల్లను బడికి పంపాలన్న ఆలోచనే చాలా ఇళ్లలో లేని కాలం అది.

భర్త ఉద్యోగం అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, అంటే నాగపూర్, రాజ్‌నంద్‌గావ్ వైపు. తల్లి, తమ్ముడు కూడా ఆమె దగ్గరే ఉన్నారు. ఆ తమ్ముడే తర్వాత రోజుల్లో విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. అక్క కన్నా మూడేళ్లు చిన్న. తమ్ముడికి ఇంట్లో పాఠాలు చెబుతుంటే అక్క పక్కనే కూర్చుని వినేది. అలా తెలుగు, హిందీ, మరాఠీ చదవడం, రాయడం వచ్చేశాయి. ఆమె కోసం ఎవరూ సిలబస్ తయారు చేయలేదు. పరీక్ష పెట్టలేదు. సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇంకొకరికి చెబుతున్న పాఠాన్ని తనది చేసుకోవడమే ఆమె బడి.

అక్కడితో ఆపేస్తే ఉత్తరాలు చదువుకునేంత చదువైతే వచ్చేది. కానీ ఆమె ఆ తర్వాత బెంగాలీ, గుజరాతీ కూడా నేర్చుకున్నారు. సంస్కృతం, ఇంగ్లిష్ కొంత పట్టుబడ్డాయి. తమ్ముడు పెద్దవాడై కాలేజీ చదువులకు వెళ్తున్నకొద్దీ ఇంటికి కొత్త పుస్తకాలు, కొత్త చర్చలు వచ్చేవి. మొదట్లో తమ్ముడి కోసం పెట్టిన చదువు కాస్తా చివరికి ఇద్దరిదీ అయింది.

నేర్చుకున్నది ఎందుకు?

ఇన్ని భాషలు నేర్చి ఆమె ఏం చేశారన్నది అసలు విషయం. ఆడవాళ్లకు పుట్టుకతోనే తెలివి తక్కువని, చదివిస్తే చెడిపోతారని అప్పట్లో పెద్దపెద్దవాళ్లే వాదించేవారు. ఆ మాట తప్పని నిరూపించడానికి ఆమె వాదనలకు దిగలేదు, డేటా పోగుచేశారు. సుమారు వెయ్యేళ్ల కాలంలో దేశంలో పేరు తెచ్చుకున్న స్త్రీల చరిత్రలు వెతికారు. తెలుగులో దొరకని సంగతులను వేరే భాషల పుస్తకాల్లో వెతుక్కున్నారు. నేర్చిన భాషలన్నీ ఇక్కడ పనికొచ్చాయి. అలా తయారైందే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. కందుకూరి వీరేశలింగం దాన్ని తన ‘చింతామణి’ ద్వారా 1901లో వెలుగులోకి తెచ్చారు. అప్పటికి ఆమెకు 27 ఏళ్లు. ఇంకా రెండు భాగాలు రాయాలనుకున్నారు. ఒకటి పురాణకాలపు స్త్రీల మీద, ఇంకోటి విదేశీ స్త్రీల మీద. ఆ పని పూర్తి చేసే ఆయుష్షు ఆమెకు దక్కలేదు.

దాంతో పాటే కథలు. 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో వచ్చిన ‘ధనత్రయోదశి’ వాటిలో బాగా పేరున్నది. చాలీచాలని జీతం మీద బతికే ఇల్లు. దీపావళి ముందు భర్త యజమాని డబ్బు తీసుకొచ్చేస్తాడు. భార్య ఆ డబ్బు ముట్టుకోదు, తిరిగి ఇచ్చేదాకా ఊరుకోదు. ‘స్త్రీవిద్య’ అనే కథయితే పూర్తిగా సంభాషణే. చదువు నేర్చుకోమని భార్యను భర్త ఒప్పిస్తుంటాడు. గురజాడ ‘దిద్దుబాటు’ వచ్చింది 1910లో. ఎన్నో ఏళ్లు దాన్నే తెలుగులో తొలి కథ అన్నారు. అచ్చమాంబ కథలు అంతకంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల ముందువని పరిశోధకులు తర్వాత గుర్తుచేయాల్సి వచ్చింది.

ఇల్లే బడి అయింది

ఆమె జీవితం సాఫీగా సాగిందనుకుంటే పొరపాటే. పుట్టిన ఇద్దరు పిల్లలూ చిన్నవయసులోనే పోయారు. ఆ దుఃఖంలోంచి బయటపడటానికి ఆమె ఎంచుకున్న దారి కూడా చదువే. దిక్కులేని పిల్లలను ఇంట్లో పెట్టుకుని, తిండి పెట్టి, చదువు చెప్పించారు. ఒకప్పుడు తమ్ముడి పక్కన కూర్చుని నేర్చుకున్న అమ్మాయి ఇంట్లో ఇప్పుడు ఊళ్లో పిల్లలు కూర్చుని నేర్చుకుంటున్నారు.

ఇల్లు దాటి కూడా వెళ్లారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం ప్రారంభించారు. ఆంధ్ర ప్రాంతమంతా తిరిగి స్త్రీల సమాజాలు పెట్టమని ప్రోత్సహించారు. 1905 జనవరిలో, 30 ఏళ్ల వయసులో, ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ జబ్బే సోకి కన్నుమూశారు. మనలో చాలామంది కెరీర్ ఇంకా సెట్ కాలేదని కంగారుపడే వయసు అది.

తమ్ముడు కట్టిన గ్రంథాలయం

సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కితే అదే లైన్లో సుల్తాన్‌బజార్ స్టేషన్ వస్తుంది. అక్కడ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901 సెప్టెంబర్ 1న మొదలైన ఈ లైబ్రరీ వెనక ఉన్నవాళ్లలో లక్ష్మణరావు ఒకరు. అక్క పోయిన మరుసటి ఏడాది, 1906లో, మిత్రులతో కలిసి హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. చరిత్ర, సైన్సు పుస్తకాలను తెలుగులో సామాన్యుల చేతికి అందించడం దాని పని. కాలేజీ మెట్లెక్కలేనివాళ్లు కూడా ఇంట్లో చదువుకోగలగాలన్నదే ఆ ప్రయత్నం. అలా చదువుకుని ఎదిగిన మనిషిని ఆయన తన ఇంట్లోనే చూశారు మరి.

ఇవాళ మన చేతిలో ఎన్ని ఉన్నాయో చూడండి. బడికి వెళ్లని పిల్లలు పది, పన్నెండు తరగతులు రాయడానికి ఎన్‌ఐఓఎస్ ఉంది, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. డిగ్రీ స్థాయికి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ. ఐఐటీ పాఠాలకు ఎన్‌పీటీఈఎల్, స్వయం. పుస్తకాలకు నేషనల్ డిజిటల్ లైబ్రరీ. ఇవేవీ మన బదులు కూర్చుని చదవవు, అంతే.

అచ్చమాంబ కథలో నాకు పనికొచ్చినవి మూడు. ఒకటి, చదివేవాళ్ల పక్కన కూర్చోవడం. ఒంటరిగా సాగని కోర్సు ఒక ఫ్రెండ్‌తో సాగుతుంది. రెండు, నేర్చుకున్నది ఏదో ఒక పనిలో పెట్టడం. ఆమె భాషలు పుస్తకమయ్యాయి, మీ కోడింగ్ ఒక ప్రాజెక్ట్ కావాలి. ఇంటర్వ్యూలో గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగితే చూపించడానికి అదే ఉంటుంది. మూడు, వచ్చింది ఇంకొకరికి చెప్పడం. చెప్పడం మొదలుపెట్టాకే మనకెంత వచ్చో తెలుస్తుంది.

అక్కకి ఇదే చెప్పాను. నలభై లింకుల్లో నాలుగు ఉంచి మిగతావి తీసేయమన్నాను. వాడిని బడి మాన్పించాలా వద్దా అన్నది బావగారితో కలిసి నువ్వే తేల్చుకో, కానీ రోజూ ఒక గంట వాడి పక్కన నువ్వూ ఏదో ఒకటి నేర్చుకుంటూ కూర్చో అన్నాను. డిగ్రీ మధ్యలో ఆపేసిన అక్క ఇప్పుడు ఓపెన్ యూనివర్సిటీ అడ్మిషన్లు ఎప్పుడో కనుక్కోమంటోంది. మేనల్లుడి సంగతి ఇంకా తేలలేదు.