నియంతల కాలములో ఒక కాపరి: బిషప్ అజరయ్య గారు



దానియేలు గ్రంథము చదివిన వారందరికి దూరా మైదానము సంగతి తెలుసు. నెబుకద్నెజరు రాజు అరువది మూరల ఎత్తున బంగారు ప్రతిమను నిలువబెట్టించి, వాద్యధ్వని వినబడగానే సకల జనులు సాగిలపడవలెనని ఆజ్ఞాపించాడు. సాగిలపడని ముగ్గురు యువకులలో ఒకనిని బబులోనువారు అబేద్నెగో అని పిలిచారు. అతని అసలు పేరు అజర్యా. అదే పేరు ధరించిన ఒక దైవజనుడు మన తెలుగు సంఘమునకు 32 సంవత్సరములు అధ్యక్షుడుగా ఉన్నారు. ఆయన దినములలోనే లోకములో అటువంటి ప్రతిమలు మరల లేచాయి. శతవార్షికోత్సవ వేళ ఆయన జీవితమును ఆ కాలముతో కలిపి జ్ఞాపకము చేసుకొనుట మేలని తలంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

వేదనాయకము శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళై అను పల్లెలో జన్మించారు. తండ్రి తామస్ వేదనాయకము గారు గ్రామ గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొని, 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పని చేశారు. 1903లో తిరునల్వేలి భారత మిషనరీ సంఘమును, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించిన వారిలో ఆయన ముఖ్యులు. 1907లో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య మహాసభకై జపాను వెళ్లి వచ్చారు. 1909లో గురుపట్టము పొంది, నైజాము రాజ్యములోని దోర్నకల్లుకు మిషనరీగా వచ్చారు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని, ఎడ్లబండి మీద పల్లెపల్లె తిరిగారు.

1910లో స్కాట్లండులోని ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అప్పటికి ముప్పది ఐదేండ్లవాడైన అజరయ్య గారు అక్కడ లేచి, తెల్లవారు మన దేశమునకు ఎన్నో ఈవులు తెచ్చిరి గాని, తమ తోటి భారతీయ సేవకులను సమానులుగా, స్నేహితులుగా చేర్చుకొనలేదని వినయముతోనే గాని నిర్భయముగా చెప్పారు. కొందరికి కోపము వచ్చింది. ఆయన చూపినది ఒక చిన్న గాయము కాదు. పుట్టుకను బట్టి ఒకడు పైవాడు, ఒకడు క్రిందివాడు అను గర్వము సంఘపు లోగిలిలోనే వేరు పారియున్నదని ఆయన గుర్తించారు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయనకు బిషప్ అభిషేకము జరిగింది. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్ అగుట అదే మొదలు. తెల్లవారిని ప్రశ్నించిన ఆ ప్రశ్ననే ఆయన దోర్నకల్లులో మనవారికి కూడా వేశారు. మాలలకు ఒక గుడి, మాదిగలకు ఒక గుడి అను మాటను ఆయన అంగీకరించలేదు. ఒకే బల్ల, ఒకే పాత్ర. ఈ విషయములో ఆయన కఠినులని పేరు. 1932లో ప్రభుత్వము క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇయ్యజూపినప్పుడు, క్రైస్తవులు దేశ ప్రజలనుండి వేరుపడరాదని వాటిని వ్యతిరేకించారు. 1930వ దశకము నడుమకు ఆయన అధ్యక్షత క్రింద దాదాపు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా గ్రామోపాధ్యాయులు, ఇతర సేవకులు ఉన్నారు. పెత్తనము ఒక్కరి చేతిలో ఉంచుకొనక, పల్లె మనుష్యులను తయారు చేసి వారికి పని అప్పగించుట ఆయన పద్ధతి.

ఇదే కాలములో లోకము మరొక దారి పట్టింది. మొదటి మహాయుద్ధము 1918లో ముగిసిన పిమ్మట ఓడినవారికి అవమానము, గెలిచినవారికి అప్పులు, అందరికీ నిరుద్యోగము మిగిలాయి. ప్రజలు విసిగి, అన్నియు చక్కబెట్టగల ఒక్క బలవంతుని కొరకు ఎదురు చూచారు. 1922లో ఇటలీలో ముస్సోలినీ, 1920వ దశకము చివరికి రష్యాలో స్టాలిన్, 1933 జనవరి 30న జర్మనీలో హిట్లర్ అధికారమునకు వచ్చారు. జపానులో సైనికాధికారులు పైచేయి సాధించి 1931లో మంచూరియాను ఆక్రమించారు.

జర్మనీలో జరిగినది క్రైస్తవులమైన మనము మరువరానిది. 1933 సెప్టెంబరులో ప్రష్యా సంఘ మహాసభ యూదుల రక్తము గల పాదిరులను కొలువునుండి తొలగించు నియమము చేసింది. పుట్టుకను బట్టి గురువులను వేరు చేయుట రాజ్యము బలవంతము వల్లనే జరుగలేదు. సంఘపు పెద్దలే చేతులెత్తి ఆమోదించారు. 1935లో న్యూరెంబర్గు చట్టములతో అదే దేశ శాసనమైంది. ఎదిరించినవారు లేకపోలేదు. 1934లో బార్మెన్ పట్టణమందు కూడినవారు సంఘమునకు క్రీస్తు ఒక్కడే ప్రభువని ప్రకటించారు. పాస్టర్ నీమొల్లర్ 1937లో చెరసాల పాలై, యుద్ధము ముగియు వరకు బందీగానే ఉన్నారు. అజరయ్య గారి యౌవనకాల స్నేహితుడైన అమెరికను షెర్వుడ్ ఎడ్డీ 1933లో బెర్లిన్ నగరములోనే నిలిచి యూదుల హింసను ఖండించారు. 1910లో అజరయ్య గారు చూపిన వేరు ఇరువది మూడేండ్లకు జర్మనీలో ఎంత మ్రానైనదో చూడండి.

మన పాలమూరు, నల్లగొండ ప్రాంతముల విశ్వాసులకు కూడా ఈ కథ పరాయిది కాదు. 1890 ప్రాంతములో నల్లగొండకు సువార్త పనికై వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దొరగారిని పంపినవారు రష్యాలోని మెన్నోనైట్ సంఘములవారు. స్టాలిన్ కాలములో ఆ సంఘముల గుడులు మూయబడ్డాయి. కాపరులు, పెద్దలు అనేకులు చెరలకు, చలి దేశములకు పంపబడ్డారు. ఇక్కడ విత్తనము వేయుటకు కానుకలు పంపిన చేతులు అక్కడ బంధింపబడ్డాయి.

1938 డిసెంబరులో అంతర్జాతీయ మిషనరీ కౌన్సిల్ మహాసభ చైనాలోని హాంగ్‌చౌలో జరుగవలసి ఉండెను. 1937 జూలైలో జపాను చైనాపై యుద్ధమునకు దిగుటచేత దానిని మద్రాసు దగ్గర తాంబరమునకు మార్చారు. అజరయ్య గారు చదివిన క్రైస్తవ కళాశాల అప్పుడే అక్కడికి తరలి వచ్చింది. ఆతిథ్యమిచ్చిన భారత నేషనల్ క్రిస్టియన్ కౌన్సిల్‌కు 1929 నుండి అధ్యక్షులు ఆయనే. దాదాపు 70 దేశములనుండి 470 మంది వచ్చారు. చైనా ప్రతినిధుల నాయకురాలు డాక్టర్ ఊ యీఫాంగ్ నాన్‌జింగ్ నగరపు జిన్‌లింగ్ మహిళా కళాశాల అధ్యక్షురాలు. అంతకు ఏడాది క్రితమే జపాను సైన్యము ఆ నగరమును పట్టుకొని ఘోర హత్యలు చేసినప్పుడు, ఆమె కళాశాల భవనములలో వేలాది స్త్రీలు, బిడ్డలు తల దాచుకొన్నారు. అదే సభలో జపాను నుండి కగావా గారు కూర్చున్నారు. చైనీయులయెడల జపాను చేసిన దానికి క్షమాపణ కోరినందుకు 1940లో ఆయన తన దేశములోనే అరెస్టయ్యారు. జర్మనులు, ఆంగ్లేయులు కూడా ఆ సభలో ఉన్నారు. కొలదినెలలలో వారి దేశములు ఒకదానితో ఒకటి తలపడవలసి ఉన్నవి. లోకము చీలుచున్న గడియలో వారందరిని ఒక చోట కూర్చుండబెట్టినది మన దక్షిణదేశపు నేల.

ఆ సభ ముగిసిన వారము దినములకే, 1939 జనవరి 6న, దోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. దేవాలయ మండపముల వంటి స్తంభములు, మసీదుల వంటి గుమ్మటములు గల ఆ గుడిని ఈనాటికీ చూడవచ్చును. తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన ప్రభువును దర్శించిన పండుగ పేరు దానికి పెట్టుటలోనే, అన్ని జాతులవారికి ఇందులో చోటున్నదన్న మాట ఉన్నది.

ఎనిమిది నెలలు తిరుగకుండ, 1939 సెప్టెంబరు 1న హిట్లర్ సేనలు పోలండులో ప్రవేశించాయి. 3వ తేదీన వైస్రాయి మన ప్రజల నాయకులను అడుగకయే భారతదేశము కూడా యుద్ధములో ఉన్నదని ప్రకటించాడు. జర్మను మిషనరీలను ప్రభుత్వము నిర్బంధ శిబిరములలో ఉంచింది. వారి సంఘములకు విదేశపు సహాయము ఆగిపోయింది. దిక్కులేని ఆ మిషనులను శత్రుదేశపువని విడిచిపెట్టక, అజరయ్య గారు అధ్యక్షత వహించిన కౌన్సిలు ఇతర సంఘములతో కలిసి ఆదుకొన్నది.

1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడ్డాయి. ఓడరేవులోను మిల్లులలోను పని చేసిన మన తెలుగు కూలీలతో సహా లక్షలాది భారతీయులు అడవిదారుల వెంట నడిచి బయలుదేరారు. ఆకలితో, జ్వరములతో త్రోవలోనే రాలినవారు అనేకులు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నము, కాకినాడల మీద జపాను విమానములు బాంబులు వేశాయి. ముప్పది ఐదేండ్ల క్రితము ఏ దేశపు విద్యార్థులతో కలిసి అజరయ్య గారు ప్రార్థించిరో, ఆ దేశపు విమానములే అవి. 1943లో బెంగాలు కరవు లక్షలాది ప్రాణములను తీసింది.

ఈ శ్రమల నడుమ వృద్ధుడైన బిషప్ గారు రెండు పనులు మానలేదు: పల్లెల పర్యటన, సంఘముల ఐక్యత. 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యతా ప్రయత్నమును కడవరకు మోశారు. 1945 జనవరి 1న దోర్నకల్లులో ప్రభువునందు నిద్రించారు. ఏప్రిల్ 28న ముస్సోలినీ, 30న హిట్లర్ మరణము, ఆగస్టు 15న జపాను లొంగుబాటు, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ స్థాపన, వీటిలో ఏదియు ఆయన చూడలేదు. వేయి సంవత్సరములు నిలుచునని గొప్పలు చెప్పుకొన్న రాజ్యము పండ్రెండేండ్లకు కూలిపోయింది. ఆయన కట్టిన గుడిలో నేటికీ ఆరాధన జరుగుచున్నది.

వీపనగండ్ల చుట్టుప్రక్కల పల్లెలలో కాపరిగా తిరుగుచున్న నాకు ఒక సంగతి దుఃఖము కలిగిస్తుంది. ఆదివారము ఒకే పాత్రలో పాలు పొందుతాము. పెండ్లి సంబంధము మాట వచ్చినప్పుడు, సమాధుల స్థలము మాట వచ్చినప్పుడు, సంఘ ఎన్నికల మాట వచ్చినప్పుడు మాత్రము నీవు ఎవరివాడవని అడుగుతాము. మన తగవులను చక్కబెట్టుటకు ఒక బలవంతుడు దొరికితే చాలునని కూడా అనుకొంటాము. నియంతలు ఆకాశమునుండి ఊడిపడరు. తోటివానిని బల్ల యొద్దనుండి లేపివేసిన చోటనే వారికి పీట పడుతుంది. నాతో సహా గురువులమైన మేమును, పెద్దలైన మీరును ఈ శతవార్షికోత్సవములో ఆ బల్లను ఒక్కసారి పరీక్షించి చూచుకొందము. అజరయ్య గారికి మనము కట్టగల జ్ఞాపకచిహ్నము అదే.

ప్రభువు మన సంఘమును ఐక్యతలో స్థిరపరచును గాక. ఆమేన్.