అంతరించిన జాగిలానికి ఊపిరి పోసిన కెప్టెన్ గ్రాహం

తెనాలి, రేపల్లె, బాపట్ల: కృష్ణా డెల్టా పల్లెల్లో బాతుల మందలను అదిలించడానికి, రాత్రివేళ కాపలాకు, పొలంగట్ల వెంట చిన్నపాటి వేటకు రైతులు ఒకప్పుడు జోనంగి కుక్కను పెంచేవారు. పొట్టి వెంట్రుకలు, నుదుట ముడతలు, సన్నని నడుము గల ఈ జాతి తెలుగు తీరానికే ప్రత్యేకమైనది. వరిపొలాలు రొయ్యల చెరువులుగా మారడం, వీధికుక్కలతో రక్తం కలిసిపోవడం వల్ల స్వచ్ఛమైన జోనంగి నేడు అరుదైపోయింది. పని పోయిన కుక్క క్రమేణా జాతిగా కూడా పోతుందనడానికి ఇది మన కళ్లెదుటి నిదర్శనం. అయితే అలా పోయిందనుకున్న ఒక జాగిలాన్ని వెనక్కి తేవడానికి జీవితకాలాన్ని వెచ్చించిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన కెప్టెన్ జార్జి అగస్టస్ గ్రాహం. ఆయన చేపట్టిన జాతి ఐర్లండు తోడేలు జాగిలం కాగా, దానికి ఆయన ఎంచుకున్న ప్రధాన సాధనం స్కాట్లండుకు చెందిన డీర్‌హౌండ్, అంటే జింకలను వేటాడే జాగిలం.

గ్రేహౌండ్స్ అనే మాట తెలుగు పాఠకులకు పోలీసు బలగాల పేరుగానే సుపరిచితం. వాస్తవానికి అది కంటిచూపుతో వేటను పసిగట్టి, మెరుపు వేగంతో తరిమి పట్టే సన్నని కుక్క జాతి పేరు. ఆ గ్రేహౌండుకే గరుకైన జూలు తొడిగి, ఎత్తు పెంచి, చలికొండల్లో పరుగెత్తే దమ్ము ఇస్తే డీర్‌హౌండ్ అవుతుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. మగకుక్క ఇంచుమించు 30 అంగుళాల ఎత్తు, 40 నుంచి 50 కిలోల బరువు ఉంటుంది. స్కాట్లండు కొండసీమల్లో తెగల పెద్దలు వీటితో ఎర్రజింకలను వేటాడేవారు. 1746లో కలోడెన్ యుద్ధంతో ఆ తెగల వ్యవస్థ కూలిపోయింది. ఆ తరువాత దూరం నుంచే గురి చూసి కొట్టే తుపాకులు వచ్చాయి. కుక్కతో పని తగ్గింది. డీర్‌హౌండ్ కూడా కొద్దిపాటి కుటుంబాల ఆదరణతోనే నిలిచింది.

ఐర్లండు జాగిలం కథ ఇంతకంటే దయనీయం. క్రీస్తుశకం 391లో రోము నగరానికి కానుకగా వచ్చిన ఏడు ఐర్లండు కుక్కలను చూసి జనం నివ్వెరపోయినట్లు నాటి రోమన్ ప్రముఖుడు సిమ్మాకస్ లేఖల ద్వారా తెలుస్తోంది. మధ్యయుగాల్లో అవి రాజులు రాజులకు పంపుకొనే కానుకలయ్యాయి. మొఘల్ చక్రవర్తి జహంగీరు దర్బారులో ఆంగ్ల రాయబారిగా సర్ థామస్ రో ఉన్న కాలంలో ఇంగ్లండు నుంచి వచ్చే కానుకల ప్రస్తావనల్లోనూ భారీ వేట కుక్కలు చోటుచేసుకున్నాయి. అంతకు నాలుగైదేళ్ల ముందు, 1611లో, ఈస్టిండియా కంపెనీ వారి గ్లోబ్ నౌక మన నిజాంపట్నం రేవులో లంగరు వేసిన సంగతి ఈ ప్రాంతవాసులకు తెలిసిందే.

కానుకలుగా ఎగుమతి అవుతుండటంతో ఐర్లండులో జాగిలాల సంఖ్య తగ్గి, తోడేళ్ల బెడద పెరిగింది. దాంతో 1652లో క్రాంవెల్ ప్రభుత్వం వీటి ఎగుమతిని నిషేధించింది. తోడేళ్లు ఉన్నంతకాలం జాగిలానికి తిండి దొరికింది. 1786 ప్రాంతంలో ఐర్లండులో చివరి తోడేలు హతమైంది. వేటాడవలసిన మృగం లేనప్పుడు మేకపోతంత తిండి తినే కుక్కను ఏ రైతు పోషిస్తాడు? మరో అరవై ఏళ్లకు 1845-49 మధ్య వచ్చిన మహా క్షామంలో మనుషులే లక్షలాదిగా ఆకలికి ఆహుతయ్యారు. ఆ దేశంలో తోడేలు జాగిలం ఇక కొద్ది ఇళ్లలో, అదీ ఇతర జాతుల రక్తం కలిసిన రూపంలో మాత్రమే మిగిలింది.

ఈ నేపథ్యంలో రంగప్రవేశం చేసిన గ్రాహం 1833లో జన్మించారు. స్కాటిష్ మూలాలున్న కుటుంబం ఆయనది. సైన్యంలో కెప్టెన్ హోదా వరకు పనిచేసి, ఇంగ్లండులోని గ్లోస్టర్‌షైర్ ప్రాంతంలో డర్స్‌లీ పట్టణం వద్ద రెడ్నాక్ అనే ఇంట స్థిరపడ్డారు. తొలుత ఆయన మక్కువంతా డీర్‌హౌండ్లపైనే. వాటిని పెంచడంలో, కొలతలు తీసి నమోదు చేయడంలో అందెవేసిన చేయిగా పేరు తెచ్చుకున్నారు. కుక్కలపై నాడు వెలువడిన గ్రంథాలకు వ్యాసాలు రాసి ఇచ్చారు. డీర్‌హౌండ్‌ను పరిశీలించిన కొద్దీ, ఇది పూర్వం ఐర్లండు నుంచి సముద్రం దాటి స్కాట్లండు చేరిన జాగిలానికి వారసురాలేనన్న నిర్ణయానికి ఆయన వచ్చారు. వారసురాలు బతికి ఉండగా పూర్వజాతిని తిరిగి రాబట్టడం అసాధ్యం కాదన్నదే ఆయన నమ్మకం.

ఈ ఆలోచనకు ఆయనే ఆద్యుడు కాడు. 1840వ దశకంలోనే హెచ్.డి. రిచర్డ్‌సన్ ఈ జాగిలంపై వ్యాసాలు రాసి, స్వయంగా పెంపకం కూడా చేపట్టారు. కిల్ఫేన్‌కు చెందిన సర్ జాన్ పవర్, బాలీటోబిన్‌కు చెందిన బేకర్, డ్రొమోర్‌కు చెందిన మహోనీ తమతమ ఇళ్లలో పాత రక్తాన్ని కొంతలో కొంత కాపాడుతూ వచ్చారు. గ్రాహం 1860వ దశకం తొలినాళ్లలో పని మొదలుపెట్టి, ఈ ఇళ్ల నుంచి వచ్చిన కుక్కలను వెతికి వెతికి సేకరించారు. దొరికినవి బహుస్వల్పం. అవి కూడా తరతరాలుగా దగ్గరి రక్తసంబంధంలోనే జతకట్టినవి కావడంతో సత్తువ ఉడిగి ఉన్నాయి. కొన్ని గొడ్డుబోయాయి. పుట్టిన పిల్లలు పెరగక మునుపే రాలిపోయాయి. కొత్త రక్తం ఎక్కించడం మినహా మార్గాంతరం లేదని గ్రాహం గ్రహించారు.

సాంబ మసూరి తరహాలో

గ్రాహం చేసిన పనిని అర్థం చేసుకోవడానికి మన ప్రాంత రైతు ఎంతో దూరం పోనక్కరలేదు. బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, ఒక్క జంట నుంచి పుట్టినది కాదు. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి అనే మూడు రకాల కలయిక అది. ఒక రకం నుంచి గింజ నాణ్యత, మరొక రకం నుంచి పొట్టి కాండం ఇలా గుణాలను కోరి కూర్చుతారు. కోరనివి కూడా వెంట వస్తాయి కనుక వాటిని తరువాతి తరాల్లో ఏరి పారేస్తారు. గ్రాహం కుక్కల్లో చేసినది సరిగ్గా ఇదే. తేడా ఏమంటే, వరిలో ఏడాదికి ఒకటి రెండు తరాలు, వేల మొక్కలు చూడవచ్చు. కుక్కల్లో ఒక తరానికి రెండు మూడేళ్లు పడుతుంది. దక్కేవి గుప్పెడు పిల్లలు.

ఆయన పునాదిగా పెట్టుకున్నది డీర్‌హౌండ్. గరుకు జూలు, పొడవాటి తల, పరుగెత్తే దేహం దాని నుంచి లభించాయి. అయితే ప్రాచీన జాగిలానికి ఉండేదని చెప్పుకొనే భారీతనం అందులో లేదు. అందుకోసం గ్రేట్ డేన్ రక్తాన్ని కలిపారు. ఎముక బలిసింది, ఎత్తు పెరిగింది. దాంతోపాటే నున్నటి చర్మం, బరువైన దవడ, మందగించిన పరుగు కూడా వచ్చాయి. వాటిని తొలగించడానికి ఆ సంతతిని మళ్లీ డీర్‌హౌండ్‌తోనే జతకట్టించారు. ఎత్తు తగ్గితే మళ్లీ బయటి రక్తం, పరుగు తగ్గితే మళ్లీ డీర్‌హౌండ్. రష్యా దేశపు తోడేలు వేట కుక్క బోర్జోయిని కొద్దిగా వాడారు. టిబెట్ జాతిదని భావించిన వుల్ఫ్ అనే ఒక భారీ బొచ్చుకుక్కకు కూడా ఈ వంశవృక్షంలో చోటు దక్కింది.

ఇదంతా జన్యుశాస్త్రం తెలియని కాలంలో జరిగింది. మెండల్ సూత్రాలు లోకానికి తిరిగి తెలిసింది 1900లో. అప్పటికి గ్రాహం సుమారు నాలుగు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఎత్తు ఎంత, రంగు ఏది అన్న రాతపుస్తకం ఒక్కటే ఆయనకు ఆధారం. ఒంగోలు గిత్తను కొనబోయే మన రైతు ముందుగా తల్లి ఆవును చూడబోతాడు. గ్రాహం అదే సూత్రాన్ని కాగితం మీద పెట్టి, ఐదారు తరాల వెనక్కి సైతం చూడగలిగారు.

ఈ ప్రయాణంలో ఆయన ఎదుర్కొన్న నష్టాలు సామాన్యమైనవి కావు. కుక్కలకు సోకే డిస్టెంపర్ వ్యాధి వచ్చిందంటే ఒక్క వారంలో ఏళ్ల శ్రమ తుడిచిపెట్టుకుపోయేది. ఆ వ్యాధికి కారణం వైరస్ అని ఫ్రెంచి శాస్త్రవేత్త కారే నిరూపించింది 1905లో. నమ్మదగిన టీకా వచ్చింది 1920వ దశకం చివరలో, అంటే గ్రాహం మరణించిన రెండు దశాబ్దాలకు. ఆశలు పెట్టుకున్న కుక్క వ్యాధికి బలైతే, దాని తోబుట్టువుతో మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కవలసి వచ్చేది.

1879 నాటికి ఫలితం కనిపించసాగింది. ఆ ఏడాది డబ్లిన్ కుక్కల ప్రదర్శనలో ఐర్లండు తోడేలు జాగిలాలకు ప్రత్యేక విభాగం ఏర్పాటైంది. ఈ జాతి చరిత్రపై తాను సేకరించిన ఆధారాలను గ్రాహం పుస్తకంగా వెలువరించారు. 1885లో ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ క్లబ్ ఆవిర్భవించింది. దాని స్థాపనలో ముఖ్యపాత్ర ఆయనదే. జాతి లక్షణాల నిర్ణయ పత్రం కూడా వెనువెంటనే రూపుదిద్దుకుంది. మగకుక్కకు కనీసం 31 అంగుళాల ఎత్తు, 120 పౌన్ల బరువు, అంటే దాదాపు 54 కిలోలు ఉండాలని, ఆడకుక్కకు 28 అంగుళాలు, 90 పౌన్లు చాలునని అందులో నిర్ణయించారు. సగటున 32 నుంచి 34 అంగుళాల ఎత్తును సాధించడం లక్ష్యంగా పెట్టుకున్నారు.

అసలుదా, కొత్తదా?

గ్రాహం సృష్టిని అందరూ ఆమోదించలేదు. అసలు జాతి ఎప్పుడో అంతరించిందని, డీర్‌హౌండ్‌కు గ్రేట్ డేన్‌ను అంటగట్టి పాత పేరు పెట్టారని విమర్శకులు ఎద్దేవా చేశారు. ఈ విమర్శను పూర్తిగా కొట్టిపారేయలేము. పాత ఇళ్ల నుంచి వచ్చిన రక్తం ఎంత నిలిచిందో నాడు ఎవరూ తేల్చలేకపోయారు. గ్రాహం మాత్రం తాను ఏ కుక్కను ఎందులో కలిపిందీ దాచలేదు. సంకరం చేశానని బాహాటంగా ఒప్పుకోవడమే ఆయన నిజాయితీకి నిదర్శనం. స్వచ్ఛత పేరిట వంశావళిని మరుగుపరిచే పెంపకందారులు ఆ రోజుల్లోనూ తక్కువేమీ కాదు.

దీనికంటే బరువైన ప్రశ్న మరొకటి ఉంది. డీర్‌హౌండ్ సంకరాలను అదే కాలంలో వేరే మనుషులు వేరే అవసరానికి పెంచారు. ఇంగ్లండులో సంచార జాతుల వారు, పేద పల్లెవాసులు డీర్‌హౌండ్‌ను గ్రేహౌండ్‌తోనూ, గొర్రెల కాపరి కుక్క కోలీతోనూ కలిపి లర్చర్ అనే కుక్కను తయారుచేసుకున్నారు. కుందేలును పట్టి తెచ్చి ఇంటి పొయ్యి వెలిగించే కుక్క అది. ఆస్ట్రేలియాకు వలసపోయిన వారు డీర్‌హౌండ్, గ్రేహౌండ్ కలయికతో కంగారూలను వేటాడే జాగిలాన్ని పెంచారు. అమెరికా పడమటి మైదానాల్లో ఇటువంటి సంకరాలే తోడేళ్లను, కయోటీలను తరిమాయి. వీటికి క్లబ్బులు లేవు, కొలతల పత్రాలు లేవు. పని చేసినది మిగిలింది, చేయలేనిది మిగలలేదు. వేటే వాటికి పరీక్ష. గ్రాహం జాగిలానికి ఆ పరీక్ష లేదు. తోడేలు లేని దేశంలో తోడేలు జాగిలాన్ని తూచగలిగింది ప్రదర్శనశాలలోని కొలబద్ద ఒక్కటే. ఎత్తు మీదే దృష్టి నిలవడంతో జాతి అందుకు మూల్యం చెల్లించుకుంది. గుండె కండరం బలహీనపడటం, ఎముకల క్యాన్సర్ వంటి రుగ్మతలు నేటికీ ఈ జాతిని వెంటాడుతున్నాయి. సగటు ఆయుష్షు ఏడెనిమిదేళ్లకు మించడం కష్టమవుతోంది.

జోనంగిని కాపాడాలనుకునే వారికీ ఇదే చిక్కు ఎదురవుతుంది. నుదుటి ముడతలను, రంగును కొలిచి ఎంచుకోవాలా, లేక బాతుల మందను చెదరనీయక చెరువు దాటించగల కుక్కనే ఎంచుకోవాలా? రూపాన్ని నమోదు చేయడం తేలిక. పనితనాన్ని నమోదు చేయడానికి పొలంలోకి దిగాలి.

వయసు మీద పడినా గ్రాహం పెంపకం మానలేదు. ఆయన సేవలకు గుర్తుగా అభిమానులు చందాలు వేసుకుని ఆయన పేరిట ఒక షీల్డును నెలకొల్పారు. 1897లో ఫాదర్ ఎడ్మండ్ హోగన్ ఐర్లండు జాగిలంపై పాత రాతలన్నీ క్రోడీకరించి గ్రంథం వెలువరించడంతో గ్రాహం వాదానికి చారిత్రక బలం చేకూరింది. 1902లో బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ గార్డ్స్ దళానికి క్లబ్ సభ్యులు బ్రయాన్ బోరూ అనే జాగిలాన్ని బహూకరించారు. కవాతులో దళానికి ముందు ఈ జాతి కుక్క నడిచే ఆచారం నేటికీ కొనసాగుతోంది. ఆ గౌరవాన్ని కళ్లారా చూసిన గ్రాహం 1909లో కన్నుమూశారు.

ఆయన గతించాక వచ్చిన రెండు ప్రపంచ యుద్ధాల్లో తిండి కరువై జాగిలాల సంఖ్య మరోమారు అడుగంటింది. ఇంగ్లండులో మిగిలినవన్నీ దాయాదులే కావడంతో 1950వ దశకం ఆరంభంలో అమెరికా నుంచి రోరీ ఆఫ్ కిహోన్ అనే కుక్కను రప్పించి కొత్త రక్తం ఎక్కించారు. దాదాపు తొంభై ఏళ్ల క్రితం గ్రాహం పడిన పాట్లే మళ్లీ పడవలసి వచ్చిందన్నమాట. ఈసారి పెంపకందారులకు ఒక వెసులుబాటు ఉంది. 19వ శతాబ్ది మధ్యకాలం నుంచి 1906 వరకు గ్రాహం స్వదస్తూరీతో రాసుకున్న వంశావళులు భద్రంగా నిలిచాయి. ఆయన మరణించిన యాభై ఏళ్లకు, 1959లో, అవి అచ్చయ్యాయి. ఏ తల్లికి ఏ తండ్రి, ఏ తరంలో ఏ జాతి కలిసింది అన్న వివరాలు నేటికీ అందులో వరుసగా చదువుకోవచ్చు.