లాన్సెలాట్ ఆండ్రూస్: శ్రమదినములలో చేపట్టిన పని

శ్రమదినములు సమీపించగానే, ఈ నలువది దినములు ఏమి మానుకొందుమను ప్రశ్న మన గృహములలో వినబడును. ఒకరు మాంసము మానుదురు, మరియొకరు కాఫీ మానుదురు. మానుట మంచిదే. అయితే ఊడ్చి అమర్చిన యింటిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మనమెరుగుదుము. ఖాళీ చేసిన చోట మంచిదేదియు నివసింపనియెడల, ఆ ఇంటి కడపటి స్థితి మొదటి దానికంటె చెడ్డదగును. కావున ఏమి విడిచితిమి అనుటతోపాటు ఏమి చేపట్టితిమి అనియు మనలను మనము ప్రశ్నించుకొనవలెను. ఈ విషయమై ఆంగ్ల దేశపు బిషప్పు లాన్సెలాట్ ఆండ్రూస్ జీవితము మనకు చక్కని పాఠము.

ఆయన 1555వ సంవత్సరమున లండను నగరమందు ఒక నావికుని కుమారుడుగా జన్మించెను. 1571లో కేంబ్రిడ్జియందలి పెంబ్రోక్ కళాశాలలో ప్రవేశించెను. విద్యార్థిగా నుండిన కాలమున ఏటేట ఈస్టరు పండుగకు రెండు వారముల ముందు ఇంటికి వచ్చి, పండుగ తరువాత మరి రెండు వారములు తలిదండ్రులయొద్ద గడుపుట ఆయన వాడుక. కేంబ్రిడ్జినుండి లండనువరకు కాలినడకనే వచ్చెడివాడు. ఆ నెల దినములు ఆయనకు విశ్రాంతి దినములు కావు. ఆయన కోరికమేరకు తండ్రి ముందుగానే ఒక ఉపాధ్యాయుని కుదిర్చి ఉంచెడివాడు. అంతవరకు తానెరుగని ఒక భాషనో, శాస్త్రమునో ఆయన ఆ నెలలో నేర్చుకొనెడివాడు. ఆ విధముగా కొన్ని సంవత్సరములలోనే ఐరోపా భాషలలో అనేకము ఆయనకు అలవడెను. ఆ నెలలో సగము శ్రమదినములలోనిదే అని గమనింపుడు.

దాని ఫలము తరువాత కనబడెను. 1604లో జేమ్సు రాజు పరిశుద్ధ గ్రంథమును ఆంగ్లమున నూతనముగా సిద్ధపరచుటకు ఆజ్ఞాపించినప్పుడు పండితులు ఆరు బృందములుగా ఏర్పడిరి. ఆదికాండము మొదలుకొని రాజుల రెండవ గ్రంథము వరకు అప్పగింపబడిన వెస్ట్‌మిన్‌స్టరు బృందమునకు ఆండ్రూస్ నాయకుడాయెను. ఆ గ్రంథము 1611లో వెలువడెను. అనువాదపు పని చేసినవారికి తెలియును, ఒక భాష ఒక్క దినమున వశము కాదు. దినదినము కొంత చొప్పున కూడబెట్టినదే అవసరకాలమున అక్కరకు వచ్చును.

అయితే ఆయన శ్రమకాల నియమములలో నా హృదయమును మిక్కిలి తాకునది మరియొకటి కలదు. ఆయన లండనులోని సెయింట్ పాల్ దేవాలయమందు పరిచర్యకు నియమింపబడెను. ఆ కాలమున ఆ దేవాలయపు నడిమి భాగము సంతవీధివలె నుండెను. వర్తకులు బేరములాడుచు, పనిలేనివారు వార్తలు చెప్పుకొనుచు అందులో తిరుగుచుండిరి. శ్రమదినములలో ఆండ్రూస్ నియమిత గడియలయందు ఆ దేవాలయపు ఒక పార్శ్వమున పచారు చేయుచుండెడివాడు. మనస్సాక్షి బాధించినవారు, దుఃఖములో నున్నవారు ఎవరైనను తనయొద్దకు వచ్చినయెడల ఆదరణయు ఆలోచనయు చెప్పవలెనని ఆయన ఉద్దేశము. కొందరు వచ్చిరి గాని వచ్చినవారు అనేకులు కారు. అయినను ఆయన ఆ వాడుక మానలేదు. మన పరిచర్యకు జనసమూహమే కొలత అనుకొను మనకు ఇది గట్టి మందలింపు కాదా? ఆ గడియను ఆయన దేవునికి ఇచ్చెను. ఎవరు వచ్చెదరో, ఎందరు వచ్చెదరో దేవుని చిత్తమునకు విడిచెను.

ఆయన 1605లో చిచెస్టరు, 1609లో ఈలీ, 1619లో వించెస్టరు మండలములకు బిషప్పాయెను. రాజసభలో గౌరవము పొందెను. ఆ గౌరవము అపాయము లేనిది కాదు. 1613లో ఎసెక్సు ప్రభువు వివాహమును రద్దుచేయు విచారణ జరిగినప్పుడు, రాజు కోరిన తీర్పునకే ఆయన సమ్మతించెను. ఆర్చిబిషప్పు ఆబట్ ఎదిరించి నిలిచిన చోట ఆండ్రూస్ నిలువలేకపోయెను. భక్తుల జీవితములను వ్రాయువారు ఇట్టి సంగతులను కప్పిపుచ్చరాదు. ప్రార్థించువాడును పడిపోవును. అందుచేతనే ప్రార్థన ప్రతిదినము కావలసియున్నది.

తన కొరకే ఆయన ఒక ప్రార్థన పుస్తకమును గ్రీకు, లాటిను, హెబ్రీ భాషలలో కూర్చుకొనెను. వారములో ఒక్కొక్క దినమునకు ఒక్కొక్క ప్రార్థన. సృష్టి దినముల క్రమమున ఆదివారము వెలుగు కొరకు స్తుతి, సోమవారము ఆకాశవిశాలము కొరకు స్తుతి. తరువాత పాపముల ఒప్పుకోలు, విశ్వాస ప్రకటన, విజ్ఞాపనలు. ఆ విజ్ఞాపనలలో రాజులకును సేద్యగాండ్రకును, వర్తకులకును చేతిపనివారికిని, బిచ్చగాండ్రకును చోటు కలదు. ఆయన 1626 సెప్టెంబరు 25న మరణించెను. ఆ పుస్తకము చేతుల వాడకము వలన నలిగి, కన్నీటితో తడిసియుండెనని దానిని చూచినవారు సాక్ష్యమిచ్చిరి. గ్రీకు, లాటిను మూలము 1675లో అచ్చుపడెను. లోకము చదువవలెనని ఆయన దానిని వ్రాయలేదు.

ప్రియ చదువరీ, మనమందరము పండితులము కాము. ఆయనవలె పెక్కు భాషలు మనకు రానక్కరలేదు. కాని ఈ శ్రమదినములలో ఒక్క పని చేపట్టవచ్చును. ఒక సువార్తను కొంచెము కొంచెముగా చదువుట, రోగియైన పొరుగువానిని దర్శించుట, పది పేర్లు వ్రాసికొని దినమునకొక పేరు చొప్పున ప్రార్థించుట వంటి దానిని ఎన్నుకొనుము. దానికి ఒక గడియను నిర్ణయించుము. ఎవరును చూడకపోయినను, ఫలము వెంటనే కనబడకపోయినను ఆ గడియను తప్పకుము. ఒక దినము తప్పిపోయినయెడల మరునాడు మరల ఆరంభించుము. సిలువ దారిలో అలసినను ఆగని ప్రభువు మనకు ముందుగా నడచుచున్నాడు.