టాల్‌స్టాయి అన్నశాలలు

అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రము చెరువును క్రీ.శ. 1364లో విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు కట్టించెను. అంతటి చెరువు గల ఊరికిని కరువు క్రొత్త గాదు. 1876-78 నాటి ధాత కరువు పేరు ఈ సీమలో నేటికిని నిలిచియున్నది. 1952లో ఇచట గంజి కేంద్రములు తెరువవలసివచ్చెను. ఇట్టిచోట పుట్టిన బాలబాలికలకు రష్యా రచయితయగు టాల్‌స్టాయి జీవితములో త్వరగా బోధపడునవి ఆయన నవలలు గావు. ఆయన తెరచిన అన్నశాలలు.

లియో టాల్‌స్టాయి 1828లో మాస్కోకు దక్షిణముననున్న యాస్నయా పోల్యానా గ్రామములో ప్రభువంశమున జన్మించెను. రెండేండ్లు నిండకమునుపే తల్లియు, తొమ్మిదవయేట తండ్రియు మరణింపగా మేనత్తల సంరక్షణలో పెరిగెను. కజాను విశ్వవిద్యాలయమున చేరి, పట్టము పొందకయే వెడలివచ్చెను. కొంతకాలము సైన్యములో పనిచేసెను. 'యుద్ధము - శాంతి', 'అన్నా కెరినినా' అను నవలలు ఆయనకు లోకఖ్యాతి తెచ్చెను. ఐశ్వర్యము, కీర్తి, సంతానము అన్నియు నుండియు ఏబదియేండ్ల ప్రాయమున ఆయనకు మనశ్శాంతి కరవయ్యెను. అంతట రైతువలె ముతకచొక్కా తొడిగి, నాగలి పట్టి దున్ని, జోళ్ళు కుట్టుటయు నేర్చుకొనెను.

1891లో వోల్గా తీరమునను, మధ్య రష్యాలోను వానలు లేక పంటలు పోయెను. పేదల కష్టముపై బ్రదుకు ధనికులు అందులో పిడికెడు తిరిగి పంచి దాతలమనుకొనుట తగదని టాల్‌స్టాయి వాదము. కావున చందాల మాట ఆయనకు మొదట రుచింపలేదు. రాయెవ్‌స్కీ అను మిత్రుని ప్రేరణచే సెప్టెంబరులో పల్లెలు తిరిగి చూచెను. లెబెదా యను కలుపుమొక్క గింజలు పిండిలో కలిపి చేసిన చేదురొట్టెను జనులు తినుచుండిరి. తన సిద్ధాంతమును ఆయన విడువలేదు; కాని దానిని పట్టుకొని ఇంట కూర్చుండనూ లేదు. అక్టోబరు చివర ఇద్దరు కుమార్తెలతో రియజాను రాష్ట్రములోని బెగిచెవ్‌కా గ్రామము చేరి, ఆ మిత్రుని యింట బసచేసెను. నెల తిరుగకమునుపే రాయెవ్‌స్కీ జబ్బుచేసి మరణించెను. పని మాత్రము ఆగలేదు.

అన్నశాలలకై ఆయన క్రొత్త కట్టడములు కట్టింపలేదు. ఊరిలో మిక్కిలి పేదవాని గుడిసెలోనే వంట పెట్టించెను. వండిపెట్టు ఆ యింటివారికి తిండియు దొరకును, చలికాలమున పొయ్యి వెచ్చదనమును దొరకును. ఎవరికి అన్నము లేదో ఊరివారినే అడిగి పట్టిక వ్రాయించెను. దినమునకు రెండు పూటలు రొట్టె, క్యాబేజీ పులుసు, బంగాళాదుంపలు మొదలగునవి పెట్టించెను. అంతటితో తృప్తిపడక విత్తనములను, వంటచెరకును, గుఱ్ఱములకు మేతను సమకూర్చెను. దున్నుటకు గుఱ్ఱము మిగులనిచో మరుసటి యేడును కరువే గదా! ఆయన భార్య సోఫియా పత్రికలో ప్రకటించిన విన్నపమునకు స్వదేశమునుండియు, విదేశములనుండియు విరాళములు వచ్చెను. 1892 వేసవి నాటికి 246 అన్నశాలలలో పదివేలకు పైగా జనులును, పిల్లలకై వేరుగా నేర్పరచిన 124 శాలలలో రెండుమూడు వేలమంది శిశువులును భోజనము చేయుచుండిరి.

ప్రభుత్వమునకు ఇది కంటగింపయ్యెను. కరువునుగూర్చి ఆయన వ్రాసిన వ్యాసమును రష్యాలో నిషేధింపగా, అది 1892 జనవరిలో లండను పత్రికలో వెలువడెను. ఆయనను బంధింపవలెనని కొందరు కేకలు వేసిరి. చక్రవర్తి అందులకు సాహసింపలేదు. ఆ కరువు దినములలోనే ఆయన 'దైవరాజ్యము నీలోనే యున్నది' అను గ్రంథమును వ్రాయుచుండెను. దక్షిణాఫ్రికాలో యువన్యాయవాదిగానున్న గాంధీజీ దానిని చదివి ముగ్ధుడయ్యెను. తరువాత 1909-10లో వారిరువురకును ఉత్తరములు నడచెను.

1910 నవంబరులో, ఎనుబదిరెండేండ్ల వయస్సున, టాల్‌స్టాయి ఒక రాత్రి ఇల్లు విడిచి బయలుదేరెను. దారిలో జబ్బుపడి అస్తపోవో అను చిన్న రైలు స్టేషనులో దిగవలసివచ్చెను. అదియు నాడు రియజాను రాష్ట్రములోనిదే. అచట స్టేషను మాస్టరు ఇంటిలో నవంబరు 20వ తేదీన కన్నుమూసెను. యాస్నయా పోల్యానాలో ఆయన శవపేటికను రైతులు మోసిరి. ఆయన కోరినట్లే సమాధిపై శిలువగాని, శిలగాని నిలుపలేదు. మట్టిదిబ్బపై పచ్చగడ్డి మాత్రము పెరిగియున్నది.